మూడు చక్రాలు పట్టని గేటు

ఆమెను ఊళ్ళో అందరూ కళ్ళజోళ్ళక్క అంటారు. ఆమె కంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అక్క అనే పిలుస్తారు. మొదట్లో చిరాకుగా ఉండేది కానీ, జనం నోట్లో పడ్డ పిలుపుని ఎవరు మాత్రం వెనక్కి తీసుకుంటారని ఊరుకుంది. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. ఒక బల్ల, దాని మీద మెడ వంచే దీపం, గోడకి వరసగా ఫ్రేములు, అగ్గిపెట్టెల్లో ఆవగింజలంత మరలు. వెనక పెరట్లో రేకుల షెడ్డు తమ్ముడిది, వెల్డింగు షాపు. మధ్యలో అందరికీ కలిపి ఒకటే వంటగది. కాబట్టి ఆ ఇంట్లో ఎవరికి ఎవరి మీద కోపం వచ్చినా ముందు వంటగదికే తెలుస్తుంది.

అక్క భర్త పెళ్ళైన కొన్నేళ్ళకే జ్వరంతో పోయాడు. ఆ తర్వాత కళ్ళజోళ్ళ పని నేర్చుకుని, ఒక మామూలు సైకిలు కొనుక్కుని, కొండ మీది పల్లెలకు వెళ్ళి ముసలివాళ్ళ కళ్ళజోళ్ళు బాగుచేసి వచ్చేది. అప్పట్లో పైకి ఉన్నది ఒక్కటే దారి, లారీలు తిరిగే తారు రోడ్డు. ఒకరోజు మలుపులో ఒక లారీ ఆమెను పక్కకు కొట్టేసి, ఆగకుండా వెళ్ళిపోయింది. ప్రాణం దక్కింది. ఎడమకాలు మాత్రం తుంటి దగ్గరనుంచి దక్కలేదు. ఇంట్లో చంకకర్ర ఊతంతో నాలుగడుగులు వేస్తుంది, అంతకు మించి కాదు. ఆ లారీ డ్రైవరు ఎవరో ఇప్పటికీ తెలియదు. "కనీసం దిగి చూడాల్సింది," అని ఇప్పటికీ అంటుంది, నిన్ననే జరిగినంత కోపంగా.

తర్వాత చాలా ఏళ్ళు ఆమె కొండ ఎక్కలేదు. పైవాళ్ళే ఎవరో ఒకరి చేత, కాలు విరిగిన కళ్ళజోళ్ళు దారాలతో కట్టి పంపేవాళ్ళు.

పైన రాళ్ళ క్వారీ మూతపడ్డాక, దానికోసం వేసిన చిన్న రైలుదారి పట్టాలు పీకేశారు. ఎవరికి తోచిందో గానీ మంచి ఆలోచనే తోచింది, ఆ కట్ట మీద సన్న కంకర పోసి చదును చేసి, నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ వదిలేశారు. మోటారు బండ్లకు ప్రవేశం లేదని బోర్డు పెట్టారు. బరువైన గూడ్సు బండ్లు ఎక్కిన దారి కదా, కొండ మీదికి నిట్టనిలువుగా ఎగబాకదు, చుట్టూ తిరుగుతూ, ఎక్కుతున్నామని తెలియకుండా ఎక్కుతుంది. మధ్యలో ఒక సొరంగం, లోయ మీద ఒక రాతి వంతెన, మిగతాదంతా చెట్లూ, గాలీ, చక్రాల కింద కంకర చప్పుడూ.

అక్క తమ్ముడు ఆ దారి చూసొచ్చి, ఏమీ చెప్పకుండా షెడ్డు తలుపు దగ్గరేసుకుని ఒక బండి తయారుచేశాడు. మూడు చక్రాలు, చేతులతో తిప్పే పెడళ్ళు, ఎత్తు ఎక్కడానికి వేరే పళ్ళచక్రం, దిగడానికి రెండు బ్రేకులు, వెనక ఆమె పనిముట్లకు పెట్టె. మొదటిసారి వంతెన దాకా వెళ్ళొచ్చిన రోజు ఆమె అరచేతులు పొక్కులెక్కాయి. "ఎలా ఉందక్కా?" అన్నాడు. "బ్రేకు కాస్త బిగించు," అంది. ఆ ఇంట్లో మెచ్చుకోలు అంటే అదే.

ఆ తర్వాత ఆమె వారం వారం కొండెక్కేది. ఏ మలుపులో వాన పడితే కంకర జారిపోతుందో, సొరంగంలో ఏ వైపు నీళ్ళు కారుతాయో, ఎక్కడ చేతులు ఆపి ఊపిరి పీల్చుకోవాలో ఆమెకు తెలుసు. పైపల్లెల్లో ఆమెకోసం అరుగుల మీద కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళలో రిటైరైన పంతులమ్మ ఒకావిడ ఉంది. రోజూ పేపరు మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా చదవందే ఆవిడకు పొద్దు పోదు.

అలా బాగానే సాగుతుండగా మోటారు సైకిళ్ళ కుర్రకారు ఆ దారిని కనిపెట్టారు. బోర్డు పక్కనుంచే రయ్యిమని దూసుకుపోయేవాళ్ళు. కంకరంతా చెదిరి గుంటలు పడ్డాయి. సొరంగంలో ఒకసారి అక్క బండిని రాసుకుంటూ పోయారు. ఊళ్ళో వాళ్ళంతా కలిసి మునిసిపల్ ఆఫీసుకి అర్జీ పెట్టుకున్నారు. అందులో అక్క సంతకం కూడా ఉంది.

అర్జీ ఫలించింది. ఫలించిన సంగతి ఆమెకు ఒక ఉదయం దారి మొదట్లోనే తెలిసింది.

పెట్టెలో పంతులమ్మ కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని బయల్దేరింది. బోర్డు దగ్గరకు వచ్చేసరికి దారికి అడ్డంగా పచ్చరంగు వేసిన ఇనుప గేటు. తలుపు లేదు, రెండు లావు గొట్టాలు అటూ ఇటూ పాతి, నిచ్చెన కాళ్ళలా పైకి పోయేకొద్దీ దగ్గరకు వంచారు. సైకిలుని నిలబెట్టి నడిపించుకుపోతే పడుతుంది, మోటారు సైకిలు హ్యాండిలు పట్టదు. అంతవరకూ బాగానే ఆలోచించారు. ఆమె మెల్లగా ముందుకు పోనిచ్చింది. ముందు చక్రం దూరింది. వెనక చక్రాలు రెండూ గొట్టాలకు తగిలి ఆగిపోయాయి.

ఇంకాస్త నెట్టింది. బండి మూలిగింది గానీ కదల్లేదు.

అప్పుడు ఆ గొట్టాల వంక తేరిపార చూసింది. అతుకుల దగ్గర చేత్తో తడిమింది. ఎక్కడా చేతికి గీసుకోకుండా అరగదీసి నున్నగా చేసి ఉంది. గొట్టం చివరలు తెరిచి వదిలెయ్యకుండా గుండ్రటి మూతలు వేసి ఉన్నాయి. అంత శ్రద్ధగా అతుకు అరగదీసే మనిషి ఊరు మొత్తానికి ఒక్కడే. తను కూర్చున్న సీటు కింద ఉన్న అతుకులూ అచ్చం అలాగే ఉంటాయి.

ఆమె బండిని వెనక్కి లాక్కోవడానికి చాలాసేపు పట్టింది. ఇంటికొచ్చి సరాసరి పెరట్లోకి పోనిచ్చింది. తమ్ముడు కళ్ళకు ముసుగు పెట్టుకుని పనిలో ఉన్నాడు.

"ముసుగు తీయి," అంది.

తీశాడు. ఆమె మొహం చూడగానే విషయం అర్థమైపోయింది.

"గేటు నువ్వే చేశావా?"

"ఆఫీసు వాళ్ళు కొలతలిచ్చారక్కా."

"ఈ బండి ఎవరు చేశారు?"

తమ్ముడు చేతి తొడుగులు విప్పి పక్కన పెట్టాడు.

"దీని వెడల్పు ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు, సరే. నీకు తెలుసు కదా. గొట్టాలు వంచేటప్పుడు ఒక్కసారైనా మనసులో మెదల్లేదా?"

"మెదిలింది. ఇంజనీరుని అడిగాను, మా అక్క బండి పట్టదు సార్ అని. డ్రాయింగులో ఉన్నట్టు చెయ్యి, మిగతాది మేం చూసుకుంటాం అన్నాడు."

"ఎన్నిసార్లు అడిగావు?"

"ఒకసారి."

"ఒకసారే."

"పనుల్లేవక్కా ఆ నెల," అని ఇంకేదో చెప్పబోయాడు. ఆమె అప్పటికే బండి తిప్పేసుకుంది.

ఆ రోజునుంచి అక్కాతమ్ముళ్ళకు మాటల్లేవు. ఒకే వంటగది, ఒకే బల్ల, మధ్యలో మరదలు. "కాస్త మంచినీళ్ళ చెంబు ఇటివ్వమను," అని ఆమె అనడం, "ఇదిగో ఇచ్చానని చెప్పు," అని అతననడం. చెంబు ఇద్దరి చేతులకూ అందేంత దూరంలోనే ఉండేది. మరదలు కొన్నాళ్ళు ఓపిక పట్టి, "వదినా, నేనేమన్నా టెలిఫోను తీగనా?" అని తన కంచం తీసుకుని వాకిట్లో కూర్చుని తినడం మొదలుపెట్టింది. దాంతో బల్ల దగ్గర ఆ మాత్రం మాటలు కూడా పోయాయి.

గేటు పెట్టిన వారానికే మోటారు సైకిళ్ళవాళ్ళు పక్కనున్న పొదలు తొక్కి, కట్ట దిగి, మళ్ళీ ఎక్కి, చక్కగా సొంతదారి వేసుకున్నారు. సైకిలు తోసుకుంటూ పోయే కూరగాయలతను చెప్పాడు ఆ మాట. గేటు ఆపాల్సినవాళ్ళని ఆపలేదు, ఆపకూడని మనిషిని ఆపింది. అక్కకి ఒళ్ళు మండిపోయింది. చంకకర్ర తీసుకుని ఆటో ఎక్కి ఆఫీసుకి వెళ్ళింది.

ఇంజనీరు కుర్రాడే, మర్యాదస్తుడే. కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. అంతా విని, "అమ్మా, గేటు దగ్గర ఒక్క నిమిషం దిగి, బండిని కాస్త పక్కకి వంచి నెట్టుకుంటే సరిపోతుంది కదా," అన్నాడు.

ఆమె చంకకర్ర ఎత్తి అతని బల్ల మీద, కాగితాల మీద, అడ్డంగా పెట్టింది.

"దీని మీద నిలబడి బండి ఎలా వంచాలో చూపించండి."

అతను ఆ కర్ర వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "అంటే, పక్కన ఎవరైనా ఉంటారు కదమ్మా."

"కొండ మీద నా పక్కన ఎవరుంటారు? ఎవరూ అక్కర్లేకుండా తిరగడానికే కదా ఆ బండి."

"మీ ఇబ్బంది నోట్ చేసుకున్నాను," అన్నాడు. నిజంగానే నోట్ చేసుకున్నాడు. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

పంతులమ్మ ఫోను చేసింది. "తొందరేం లేదమ్మా, అక్షరాలెక్కడికీ పారిపోవుగా," అంది. ఆ మాట దెప్పిపొడుపులా తగిలింది. తమ్ముడు ఒక మాటా అనకుండా బల్ల మీది ఆవిడ కళ్ళద్దాలు తీసుకుని, తన వ్యానులో తారు రోడ్డు మీద వెళ్ళి ఇచ్చి వచ్చాడు. మర్నాడు పంతులమ్మ మళ్ళీ ఫోను చేసి, మొహమాటపడుతూ, ఒక చెవి దగ్గర నొక్కుతోందనీ, ముక్కు మీద నిలవడం లేదనీ చెప్పింది. కళ్ళజోడు మనిషి మొహం మీద పెట్టి వంచాల్సిన వస్తువు. వ్యానులో పంపేది కాదు. "వదినా, మిమ్మల్ని వ్యానులో తీసుకెళ్తానంటున్నారు," అంది మరదలు. అక్క ఒకటే అంది, "ఆ రోడ్డు మీదికి నన్ను రమ్మంటున్నాడా?" ఆ ప్రసక్తి మళ్ళీ రాలేదు.

చివరికి ఆమె తెగించి బండి తీసింది. గేటు దగ్గర ఎవరో ఒకరు దొరక్కపోతారా అనుకుంది. నిజంగానే దొరికారు. లావు టైర్ల సైకిళ్ళు, ఒంటికి అతుక్కున్న రంగుల బట్టలు, తలకు హెల్మెట్లు, ఐదుగురు, అందులో ఒకమ్మాయి. పట్నం నుంచి ఈ కంకర దారి తొక్కడానికే వచ్చారట.

"కాస్త సాయం చేస్తారా? నేను దిగి ఆ గట్టు మీద కూర్చుంటాను, మీరు బండిని పక్కకి వంచి..." అని ఆమె ఇంకా చెబుతూనే ఉంది.

"మీరు దిగకండి ఆంటీ, మేమున్నాం కదా," అన్నాడు ఒకడు. మాట పూర్తయ్యేలోపు అమ్మాయి తప్ప మిగతా నలుగురూ నాలుగు మూలలు పట్టుకున్నారు. "వన్, టూ, త్రీ." బండీ, బండిలో ఆమె, పెట్టెలో అగ్గిపెట్టెలూ అన్నీ కలిపి గాల్లోకి లేచాయి. ఆమె "ఆగండి, ఆగండి," అంటూనే ఉంది. వాళ్ళకి అది భయంలా వినబడింది కాబోలు, "పడెయ్యం ఆంటీ," అని నవ్వారు. కాలి కింద నేల లేదు. చేతులు పెట్టుకోవడానికి చోటు లేదు. గేటు గొట్టాలు తన మోకాలి కిందనుంచి దాటిపోవడం చూసింది. నలభై దాటిన మనిషి, పది మందికి చూపు సరిచేసే మనిషి, చంటిపిల్లలా గాల్లో ఊగింది.

దింపారు. చప్పట్లు కొట్టుకున్నారు. ఆ అమ్మాయి అంతకు ముందే, బండి గాల్లో ఉండగానే, ఫోటో తీసేసింది.

పెట్టెలో అగ్గిపెట్టెలన్నీ తెరుచుకుని మరలన్నీ కలిసిపోయాయి. పంతులమ్మ అరుగు మీద కూర్చుని ఆవిడ కళ్ళజోడు సరిచేస్తుంటే అక్క చేతిలోంచి మర రెండుసార్లు జారి కిందపడింది. "ఎండలో వచ్చావు, కాసేపు ఆగు," అంది పంతులమ్మ. ఎండ కాదని చెప్పలేదు. వచ్చేటప్పుడు గేటు దగ్గర కూరగాయలతను వచ్చేదాకా కూర్చుంది. అతను మాత్రం ఆమె చెప్పినట్టే, ఆమె గట్టు మీదికి జరిగేదాకా ఆగి, ఉత్త బండిని వంచి దాటించాడు.

రెండు రోజుల తర్వాత ఆ ఫోటో పేపర్లో వచ్చింది. గాల్లో అక్క, నాలుగు పక్కలా నవ్వు మొహాలు. కింద, మానవత్వం ఇంకా బతికే ఉందని పెద్ద అక్షరాలు. ఊరంతా పేపరు పట్టుకుని దుకాణానికి వచ్చారు. "ఫోటోలో బాగా పడ్డావక్కా," అన్నారు. ఆ రోజు ఆమె దుకాణం తలుపు పెందరాళే మూసేసింది.

ఇది చాలదన్నట్టు, ఆమె మళ్ళీ ఆఫీసుకి వెళితే ఇంజనీరు బల్ల అద్దం కింద ఆ పేపరు ముక్కే ఉంది. "చూశారా అమ్మా," అన్నాడు, ఏదో బహుమతి ఇస్తున్నట్టు. "నేను చెప్పలేదూ, ఎవరో ఒకరు ఉంటారని. మన జనం మంచివాళ్ళు. గేటు మార్చాల్సిన అవసరం నాకైతే కనిపించడం లేదు."

"జనం మంచివాళ్ళు కాకపోతే గేటు మారుస్తారా?" అంది అక్క.

అతను నవ్వాడు. అది నవ్వించడానికి అన్న మాట అనుకున్నాడు.

కొన్నాళ్ళకు ఆ ఫోటో తీసిన అమ్మాయి దుకాణం వెతుక్కుంటూ వచ్చింది. పట్నంలో పళ్ళ డాక్టరట. చేతిలో రంగు కాగితం చుట్టిన పెద్ద చట్రం. అదే ఫోటో, పెద్దది చేయించి, అద్దం వేయించి తెచ్చింది.

"మీకు గుర్తుగా ఉంటుందని ఆంటీ."

అక్క ఆ చట్రాన్ని బల్ల మీద పెట్టుకుని దీపం దగ్గరకు జరిపింది. చాలాసేపు చూసింది.

"ఇందులో నా నోరు తెరిచి ఉంది చూశావా?"

"అవునాంటీ, నవ్వుతున్నారు."

"నవ్వడం లేదు. ఆగమంటున్నాను."

ఆ అమ్మాయి వంగి ఫోటోని మళ్ళీ చూసింది.

"మీరు చెడ్డవాళ్ళని అనడం లేదు," అంది అక్క. గొంతు పెంచలేదు కానీ ఒక్కొక్క మాటా నొక్కి పలికింది. "నీ దగ్గరకు పంటి నొప్పితో ఒకరొస్తారు. ఏ పన్నో చెప్పేలోపే నలుగురు కలిసి పట్టుకుని ఏదో ఒకటి పీకేసి, చప్పట్లు కొట్టి ఫోటో తీస్తే ఎలా ఉంటుంది? నేను బండి వంచమన్నాను, నన్ను మోయమనలేదు. ఆ బండి మా తమ్ముడు ఎందుకు చేశాడో తెలుసా? నన్నెవరూ మొయ్యకుండా ఉండాలని. ఇప్పుడు మీరు మోశారు కాబట్టి గేటు మార్చక్కర్లేదంటున్నారు ఆఫీసులో. నేను కొండ ఎక్కాలంటే రోజూ నలుగురు మంచివాళ్ళు కావాలి. నువ్వెక్కాలంటే ఎంతమంది కావాలి?"

పెరటి గుమ్మం దగ్గర తమ్ముడు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. అంతా విన్నాడు.

పళ్ళ డాక్టరు క్షమించమంది. ఆ చట్రాన్ని తనే తిరిగి చంకలో పెట్టుకుంది. "గేటు వెడల్పు ఎంతుంటే మీ బండి పడుతుంది?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆ రోజుదాకా అక్కని ఎవరూ అడగలేదు. జవాబు మాత్రం తమ్ముడు చెప్పాడు, గుమ్మం దగ్గరనుంచే.

పళ్ళ డాక్టరు పట్నం వెళ్ళి, వాళ్ళ సైకిళ్ళ సంఘం తరఫున ఒక మనిషిని వెంటేసుకుని మునిసిపల్ ఆఫీసుకి వచ్చింది. అక్క నెలల తరబడి చెప్పిన మాటలే చెప్పింది, ఒక్కటి కూడా కొత్తది లేదు. మరుసటి వారానికే గేటు మార్చమని ఆర్డరు వచ్చేసింది.

ఊరంతా సంతోషించారు. అక్కకి మాత్రం కోపం ఇంకా పెరిగింది. "నేను చెప్పినప్పుడు వాళ్ళ చెవులు ఎక్కడికి పోయాయి?" అంది మరదలితో. "అవే మాటలు కదా. పట్నం సైకిలెక్కి వస్తేనే మాటలకు చెవులు దొరుకుతాయా?"

"పనైంది కదా వదినా, ఇంకా ఎందుకూ?"

"పనైందని కోపం పోవాలా?"

గేటు మార్చే పని తమ్ముడికే వచ్చింది. కోసి, బండి చక్రాలు పట్టేలా కింద మాత్రం వెడల్పు చేసి, పక్కనున్న మోటారు సైకిళ్ళ దొంగదారికి అడ్డంగా పెద్ద బండరాళ్ళు కూడా వేయించాడు. అవి డ్రాయింగులో లేవు. ఇంజనీరు ఎందుకని అడిగితే, "ఈసారి డ్రాయింగు మా అక్క చూడాలి సార్," అన్నాడట. రంగు ఆరకముందే ఇంటికొచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"అక్కా, ఒకసారి వచ్చి బండి పోనిచ్చి చూస్తావా?"

మరదలు కాకుండా అతనే నేరుగా అడగడం అదే మొదలు. ఆమె బల్ల మీది దీపం ఆర్పింది. తర్వాత చంకకర్ర అందుకుంది. గేటులోంచి బండి ఏ గొట్టానికీ తగలకుండా దాటిపోయింది. అవతల ఆగి, వెనక్కి చూడకుండా అంది, "రెండోసారి కూడా అడిగి ఉండాల్సింది నువ్వు."

"అడగాల్సింది," అన్నాడు.

అంతే. అప్పట్నుంచి మాట్లాడుకుంటున్నారు, కానీ మునుపటిలా కాదు. కొన్ని మాటల తర్వాత ఇద్దరూ ఆగిపోతారు.

గేటు ప్రారంభానికి రిబ్బను కత్తిరించమని ఆఫీసు వాళ్ళు ఆమెను పిలిచారు. ఆమె ఆ పొద్దుటే కొండెక్కి పోయింది. రిబ్బను ఇంజనీరే కత్తిరించుకున్నాడు.

అయితే కథ అక్కడితో తేలిపోలేదు. సొరంగం దాటాక దారి అటవీశాఖ కిందకు వస్తుంది. వంతెన అవతల అటవీశాఖవాళ్ళు కూడా చూసి ముచ్చటపడి అలాంటి గేటే పెట్టారు, పాత కొలతలతో, ఇంకో ఊరి వెల్డరు చేత. దాని అవతల ఇంకా రెండు పల్లెలున్నాయి. ఆ అతుకులు చేత్తో తడిమితే గీసుకుపోతాయి.

అటవీశాఖ ఆఫీసు కట్టడం కొత్తది, మెట్లు లేకుండా వాలుగా కట్టారు, తలుపు రెండు రెక్కలు. అక్క బండి దిగనే లేదు. తలుపు తోసుకుని సరాసరి హాల్లోకి పోనిచ్చింది. టైర్లకంటిన కంకర గచ్చు మీద రాలింది. తమ్ముడు పక్కనే నడిచాడు, చేతిలో కొలతల కాగితం.

లోపలి అధికారి కళ్ళజోడు ముక్కు మీదకు జారుతుంటే పైకి నెట్టుకుంటూ లేచాడు. "బండి బయట పెట్టి రండమ్మా. కూర్చోండి, మాట్లాడుకుందాం."

"ఆవిడ కూర్చునే ఉంది సార్," అన్నాడు తమ్ముడు. "మీరు కూర్చోండి. చెప్పాల్సింది చాలా ఉంది."